విరిగే కెరటం మీద తెప్ప... గెడ్డ దాటితే చివరి కల్లు

పూసపాటిరేగ: మే నెల ఆఖరు వారం వచ్చిందంటే చింతపల్లి, కోనాడ, ముక్కాం తీరాల్లో ఇంజను పడవలన్నీ ఇసుక మీదికి చేరి వుంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వాటికి వేట నిషేధం. ఇంజను లేని తెప్పలకు మాత్రం ఆ నిషేధం వర్తించదు. అందుచేత ఈ రోజుల్లో కెరటాలకు ఎదురు వెళ్లేది తెప్పలొక్కటే.

తేలికపాటి దుంగలు నాలుగైదు పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగించి కడితే తెప్ప. మేకు వుండదు, గోడలు వుండవు. నీళ్లు దుంగల సందుల్లోంచి వచ్చి సందుల్లోంచే పోతాయి గనుక మునిగే ప్రశ్న లేదు. తిరగబడే ప్రమాదం మాత్రం అడుగడుగునా వుంది. వేట ముగిశాక కట్లు విప్పి దుంగలను ఇసుకలో ఆరబెడతారు. నానిన దుంగ బరువెక్కి మాట వినదు.

దక్షిణపు గాలి బలపడే కొద్దీ కెరటాలు పెరుగుతాయి. తెప్ప తోసేవారు తొందరపడరు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి చూస్తూ వుంటారు. పెద్ద కెరటాలు కొన్ని గుంపుగా వచ్చిపోయాక కాసేపు సముద్రం సద్దుమణుగుతుంది. ఆ సందు చూసి ఒక్క ఊపున తోసి ఎక్కి తెడ్డు వేస్తారు. సందు తప్పితే అంతే సంగతులు.

వెళ్లడం కంటే రావడం కష్టం. వెనక నుంచి కెరటం ఎత్తుకున్నప్పుడు తెప్ప ముక్కు సూటిగా గట్టు వైపే వుండాలి. వెనక వున్నవాడు తెడ్డునే చుక్కానిగా పట్టి నిలుపుతాడు. తెప్ప అడ్డం తిరిగిందో, దుంగలు మనుషుల మీద పడతాయి. కుదిరితే మాత్రం ఆ కెరటమే తెచ్చి ఇసుక మీద దించుతుంది. పట్నం కుర్రాళ్లు పలక మీద నిలబడి చేసే సర్ఫింగ్ కూడా ఈ విద్యకు చుట్టమే. దాన్ని 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో చేర్చారు. ఇక్కడి పిల్లలు విరిగిన దుంగ ముక్క పట్టుకుని, పతకాల ఊసు లేకుండానే నేర్చుకుంటారు.

గుజరాత్‌లోని వెరావల్ రేవుకు పనికి వెళ్లిన కొడుకులు ఇంటికి చేరేదీ ఈ రోజుల్లోనే. అక్కడ కూడా వర్షాకాలం వేట ఆగుతుంది. 2018 నవంబరులో అటు వెళ్లిన మన మత్స్యకారులు 22 మంది పాకిస్తాన్ బలగాల చేతికి చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారే అందులో అధికులు. ఆ పద్నాలుగు నెలలు ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో ఈ తీరానికి తెలుసు. అయినా ఆగస్టు వస్తే మళ్లీ రైలు ఎక్కక తప్పడం లేదు. తండ్రి తెప్ప ఎక్కే కొడుకులు ఏటేటా తగ్గిపోతున్నారు.

వచ్చినవాళ్లు ఉదయం తండ్రితో ఒక విడత వేటకు వెళ్లి, చేపలు అమ్మాక, గెడ్డ దాటి తాటితోపు చేరతారు. వేటకు ముందు మాత్రం చుక్క ముట్టరు. కెరటం దగ్గర తూలితే ప్రాణం పోతుందని అందరికీ తెలుసు.

తాటి కల్లుకు ఇది చివరి కాలం. గీత కార్మికుడు పూటపూటా గెల చివర పల్చగా చెక్కి కుండ కడతాడు. కుండలో సున్నం పూస్తే నీరా, పూయకపోతే గాలిలోని పులుపు దానంతటదే పట్టి కల్లు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కుండ నిండే చెట్టు ఇప్పుడు అడుగున కొంచెమే ఇస్తుంది. ఎండకు పులుపు త్వరగా ఎక్కుతుంది. పొద్దున్నే దించింది తియ్యగా, నురగగా వుంటుంది. మధ్యాహ్నానికి నాలుకను కొరుకుతుంది. మర్నాటికి అది పుల్లనీళ్లే. ఏ చెట్టు కల్లు కమ్మనో, ఏది వగరో రుచి ఎరిగినవారు తాటాకు దొప్పలో ఒక్క గుక్క తాగి చెబుతారు. పట్నాల్లో ఈమధ్య చిన్న బట్టీల బీరును గ్లాసు గ్లాసుగా రుచి చూస్తున్నారట. ఆ పని ఇక్కడ తాతల నాటిది. కాకపోతే ఇక్కడ రుచి కోసం ఒకరు చెట్టెక్కాలి. మోకు జారితే ఆ ఇల్లూ కెరటం తగిలిన ఇల్లే.

తొలి వాన పడగానే కుండలు దిగుతాయి. అప్పటికి తీరంలో బోట్లకు రంగులు వేయడం, ఇంజన్లు విప్పి చూసుకోవడం మొదలవుతుంది. జూన్ 14 అర్ధరాత్రి దాటాక అవి నీళ్లలో దిగుతాయి. తెప్ప దుంగలు ఇసుకలో ఆరుతూ వుంటాయి.