చలికాలమున కొండమీది చెరువునకు

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మనకు నీరు క్రొత్త కాదు. గుడివాడ నుండి ఏ దిక్కునకు పోయినను ఒక కాలువయో, ఒక మురుగుకోడో, ఒక చేపల చెరువో ఎదురగును. కొంతదూరము పోయినచో కొల్లేరే కలదు. మనకు క్రొత్తయైనది ఎత్తు. మన ఊళ్లలో ఎత్తనగా కాలువగట్టు, రైలు వంతెన, దేవాలయ గోపురము, అంతే. సముద్రమట్టమునకు పట్టుమని ఇరువది మీటర్లైనను లేని నేలమీద మన బ్రతుకంతయు గడచుచున్నది. అందుచేతనే కాబోలు, నాలుగు రోజులు తీరిక దొరకినప్పుడు మన మనస్సు కొండలవైపు పోవును. ఆ కొండమీద ఒక చెరువు కూడ ఉన్నదనిన మఱి చెప్పనక్కఱలేదు.

వేసవిలో కొండకు పోవుట పాత వాడుక. చలికాలమున పోవుట వేఱు సంగతి. వేసవిలో మనము ఎండను తప్పించుకొని పోవుదుము. చలికాలమున చలికి ఎదురు పోవుదుము. కావున ఈ ప్రయాణమునకు ముందుచూపు ఎక్కువ కావలెను. ఇట్టి ప్రయాణము తలపెట్టిన ఇండ్లలో తఱచుగా వినవచ్చు మాట ఒకటి కలదు: "నాయనమ్మ చలికి తట్టుకోలేదు, ఆమె ఇల్లు చూసుకుంటూ ఉంటుందిలే." ఆ మాటకు నాయనమ్మ కూడ తల యూపును. పిల్లలు కొండమీద నుండి తెచ్చిన ఛాయాచిత్రములను ఆమె తరువాత చూచును. ఇది కుటుంబయాత్ర యనిపించుకొనదని మా అభిప్రాయము. ఇంటిలో అందఱికంటె ఓపిక తక్కువైన వారు ఎవరో ముందు చూచి, వారికి తగిన ఎత్తును, వారికి తగిన కాలమును, వారికి తగిన బసను ఎన్నుకొన్నచో తక్కిన వారికి లోటేమియు రాదు. ఆ లెక్క యెట్లు వేయవలెనో ఇచట చెప్పుదుము.

మొదట ఎత్తు. నేలనుండి పైకి పోయినకొలది, వేయి మీటర్లకు ఇంచుమించు ఆఱున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గును. జనవరి రాత్రులలో మన ప్రాంతమున పందొమ్మిది, ఇరువది డిగ్రీలుండుట సామాన్యము. దానికే మనము చలి చలి యని దుప్పటి ముసుగు పెట్టుదుము. సేలము దగ్గఱి ఏర్కాడు సుమారు 1,500 మీటర్ల ఎత్తున నున్నది; అనగా మనకంటె పది డిగ్రీలు తక్కువ. కొడైకెనాల్ సుమారు 2,100 మీటర్లు. ఉదకమండలము సుమారు 2,240 మీటర్లు. అచట మనకంటె పదునాలుగు డిగ్రీలు తక్కువ యనుకొనవచ్చును. డిసెంబరు, జనవరి నెలలలో అచటి పచ్చికబయళ్లమీద తెల్లవాఱునప్పటికి పొడిమంచు పేరియుండుట కద్దు. ఈ ఎత్తులలో గాలి పలుచనై ఊపిరాడకపోవు భయము సామాన్యముగా లేదు. అట్టి జబ్బు సాధారణముగా 2,500 మీటర్లు దాటిన పిమ్మటనే కనబడును. అయినను ఉబ్బసము, గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు తమ వైద్యుని అడుగకుండ బయలుదేఱరాదు. వారిని ఎత్తు మాత్రమే కాదు, ఇవియు బాధించును: చలిగాలియు, ఏటవాలు దారులును.

ఈ మూడు ఊళ్ల చెరువులకును చరిత్ర కలదు. ఉదకమండలపు చెరువును కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1823-25 సంవత్సరముల నడుమ త్రవ్వించెను. కొడైకెనాల్ చెరువు 1863లో, మధుర కలెక్టరుగా పనిచేసిన వియర్ హెన్రీ లెవింజ్ వాగునకు కట్ట వేయించగా ఏర్పడినది. బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట పూర్తియై మన కాలువలకు నీరు వచ్చినది 1855లో. అక్కడను ఇక్కడను నీటిని నిలిపినది ఒకే శతాబ్దమువారు. ఏర్కాడునకు చెరువే పేరిచ్చినది: తమిళమున ఏరి యనగా చెరువు, కాడు అనగా అడవి. కాఫీ తోటలు, మిరియపు తీగలు, నారింజ చెట్లు దానిని చుట్టియున్నవి. మూడింటిలో చిన్న ఊరు ఇదియే. చలి తక్కువయైనదియు ఇదియే. ముసలివారు, చంటిబిడ్డలు గల గుడివాడ కుటుంబము మొదటి యాత్రకు ఏర్కాడును ఎన్నుకొనుట మేలని మేము తలచుచున్నాము. అంత ఎత్తు కూడ వలదని వైద్యుడు చెప్పినచో మన రాష్ట్రముననే అరకులోయ కలదు. సుమారు 900 మీటర్లు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో నర్సీపట్నము మీదుగ పోయిన లంబసింగియు, దాని చేరువనున్న తాజంగి జలాశయమును కలవు. ఎత్తు సుమారు వేయి మీటర్లు. కాని లంబసింగి పల్లెయేగాని పట్టణము కాదు. ఎత్తునుబట్టి అనుకొనినదానికంటె అచట చలి మిక్కుటము; బస ముందుగా కుదుర్చుకొనక ముసలివారితో పోరాదు.

ఇక కాలము. తమిళనాటి కొండలకు ఈశాన్య ఋతుపవనము అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వాన తెచ్చును. నవంబరులో పోయినచో చెరువునకు మాఱుగా మబ్బును చూచి రావలసి యుండును. అదియుగాక నవంబరు మన తీరమునకు తుఫానుల నెల. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎఱిగిన పెద్దలున్న ఇంటిలో, ఆ నెలలో ఇల్లు విడుతమని ఎవరును తేలికగా అనరు. డిసెంబరులో వరికోతలు, కుప్పనూర్పిళ్లు. క్రిస్మసు మొదలు క్రొత్త సంవత్సరము వఱకు కొండ ఊళ్లు క్రిక్కిఱిసి యుండును. సంక్రాంతికి మన ఇండ్లకే చుట్టములు వత్తురు. అవే రోజులలో తమిళులకు పొంగలు సెలవులు. ఇక మిగిలినది కనుమ వెళ్లిన వారము మొదలు ఫిబ్రవరి నడిమి వఱకు గల కాలము. అప్పటికి వానలు వెనుకబట్టును, ఆకాశము తేటపడును, ధాన్యము కల్లము దాటును. వరికోతకు ముందు చల్లిన మినుము చేలో ఎదుగుచుండును. దానిమీద ఒక కన్ను వేయుటకు ఇరుగుపొరుగువారు చాలుదురు. చేపల చెరువులున్నవారు మాత్రము నమ్మకమైన మనిషిని గట్టున ఉంచక కదలరాదు. మబ్బుపట్టిన రోజులలో తెల్లవాఱుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు తేలుట ఒక్క రాత్రిలో జరుగు పని. బడిపిల్లలకు రెండు మూడు రోజుల చదువు పోవును. జనవరి 26 సెలవును కలుపుకొన్నచో ఒకరోజు కలసివచ్చును. అయితే అది శని, ఆదివారముల ప్రక్కన పడిన యేట రద్దీ ఎక్కువ.

ప్రయాణము విషయము. విజయవాడ నుండి తిరుపతి, కాట్పాడి మీదుగ కేరళకు పోవు రైళ్లు సేలములో ఆగును. దూరము సుమారు 700 కిలోమీటర్లు. 2024 నవంబరు నుండి రైలులో చోటు 60 రోజుల ముందుగా మాత్రమే కుదుర్చుకొనవచ్చును. కావున జనవరి చివరి వారమున ప్రయాణమైనచో నవంబరు చివరి వారముననే టిక్కెట్టు సంగతి చూడవలెను. టిక్కెట్టు తీయునప్పుడు పెద్దవారి వయస్సును సరిగా వ్రాయించినచో, ఖాళీని బట్టి, వారికి క్రింది పడక దొరకు వీలున్నది. సేలము నుండి ఏర్కాడునకు కొండదారిలో ఇరువది పెద్ద మలుపులు కలవు. నిండుకడుపుతో ఎక్కిన పిల్లలకు అచటనే కడుపులో త్రిప్పును. బయలుదేఱుటకు ముందు రెండు ఇడ్డెనలతో సరిపెట్టవలెను. పెద్దవారిని బండిలో ముందు కూర్చుండబెట్టవలెను. చెవులు దిబ్బడ వేసినచో వక్కపలుకో, లవంగమో నమలుచుండిన తగ్గును. చేరిననాడు ఏ వింతను చూడబోక విశ్రాంతి తీసికొనుట మంచిది. కొడైకెనాల్‌కో, ఉదకమండలమునకో సొంతబండిలో గాని, అద్దెబండిలో గాని పోవువారు మఱియొక సంగతి గుర్తుంచుకొనవలెను: మద్రాసు హైకోర్టు ఆజ్ఞమేరకు 2024 మే నుండి అట్టి బండ్లు ఈ-పాసు పొంది కొండ ఎక్కవలసి వచ్చినది. ప్లాస్టిక్ నీటిసీసాలను అచట నిషేధించిరి. ఇంటినుండి ఒక మరచెంబు తీసికొనిపోయిన సరి.

బస యెచట? దీనిమీదనే నాయనమ్మ సుఖము ఆధారపడియున్నది. కొండ ఊరిలో బజారునకు పోయినను ఎక్కుడే, గుడికి పోయినను దిగుడే. చదునునేలమీద డెబ్బది యేండ్లు నడచిన మోకాళ్లకు ఆ ఏటవాలు కొత్త. కాని నీటికి ఒక ధర్మము కలదు. అది సమతలమున గాని నిలువదు. కావున కొండ ఊరిలో చదునైన దారి దొరకు చోటు చెరువుగట్టే. కొడైకెనాల్ చెరువుచుట్టు సుమారు 5 కిలోమీటర్ల బాట కలదు. దానిమీద మన కాలువగట్టుమీద నడచినట్లే నడువవచ్చును. ఎత్తైన శిఖరముమీద నుండి దృశ్యము చూపు గదికంటె, చెరువునకు దగ్గఱగా, మెట్లు తక్కువగానున్న గది మనకు మేలు. పిల్లలు శిఖరములు ఎక్కి రాగలరు. పెద్దవారు ఎవరి చేయియు పట్టుకొనకుండ చెరువుగట్టున తిరుగగలరు.

దీనిలో ఒక చిక్కు కూడ కలదు. చల్లనిగాలి వేడిగాలికంటె బరువు. రాత్రివేళ కొండచరియల మీది గాలి చల్లబడి, నీరు పల్లమునకు పాఱినట్లు లోయలోనికి జాఱి, చెరువుకడ నిలుచును. అందుచేత తెల్లవాఱునప్పటికి ఊరిలో ఎక్కువ చలిగా నుండునది చెరువుగట్టు ప్రాంతమే. పొగమంచు దట్టముగా కమ్మునదియు అచటనే. మన ఊరి అలవాటు చొప్పున అయిదు గంటలకే లేచి నడకకు పోవుట పెద్దవారికి తగదు. ఎండ చెరువుమీద పడి మంచు విచ్చిన తరువాత, తొమ్మిది పది గంటలకు బయలుదేఱి, ప్రొద్దు వాలకముందే గది చేరవలెను.

చలికి బట్టల సంగతి. మందపాటి ఉన్నిచొక్కా ఒక్కదానికంటె పలుచని బట్టలు రెండు మూడు ఒకదానిపై నొకటి తొడుగుట మేలు; నడుమ నిలిచిన గాలియే వేడిని కాపాడును. చెవులు, పాదములు కప్పవలెను. నూలుచీరతో, వట్టికాళ్లతో ఉండుట అలవాటైన పెద్దవారు మేజోళ్లు తొడుగుటకు మొగమాటపడుదురు. ఇంటివద్దనే రెండు రోజులు అలవాటు చేసిన ఆ బిడియము పోవును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది. చలికి తాళలేక కొందఱు బొగ్గుల కుంపటిని గదిలో పెట్టుకొని తలుపులు బిగించి పండుకొందురు. ఇది ప్రాణాంతకము. మూసిన గదిలో బొగ్గు మండినప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడు అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారు దానిని కనిపెట్టలేరు, మేల్కొన్నను లేవలేరు. కిటికీ లేని స్నానపుగదిలో గ్యాసుతో నీరు కాచు యంత్రమువలనను ఇదే అపాయము. మనకు మామూలు రోజులలో కిటికీలు తెఱచియుంచు అలవాటుండుటచే ఈ సంగతి తట్టదు. ఇంకొక కంబళి అడుగుడు. వేడినీటి సంచి కాళ్లకడ ఉంచుకొనుడు. కుంపటిని మాత్రము గడప దాటనీయకుడు.

పడవ విషయమునను అంతే జాగ్రత్త కావలెను. కాలువలలో ఈదిన మన పిల్లలకు నీటిభయము లేదు. కాని అతిచల్లని నీటిలో పడినవానికి ముందు ఊపిరి ఎగదట్టును. ఈత వచ్చినను చేతులు చాచుటకు వ్యవధి దొరకదు. 2017 నవంబరులో కృష్ణా పవిత్ర సంగమముకడ పడవ మునిగి పలువురు మరణించుట మన జిల్లావారు మఱవరానిది. తేలుడు చొక్కా తొడిగినవారే పడవ ఎక్కవలెను. ఎక్కువమందిని ఎక్కించుకొను పడవను విడిచిపెట్టవలెను.

వంట చేసికొనువారికి చిన్నమాట. ఎత్తు పెరిగినకొలది నీరు తక్కువ వేడికే మరగును. ఉదకమండలమున ఇంచుమించు 93 డిగ్రీలకే తెర్లును. అందుచేత విడిగిన్నెలో కందిపప్పు మెత్తబడుటకు ఎక్కువసేపు పట్టును. ప్రెషరు కుక్కరును వెంట తీసికొనిపోయినచో పప్పును, దానితోపాటు ప్రయాణపు ముచ్చటయు నిలుచును.

ఇన్నిటిని చదివి ఇది పెద్ద తంతని శ్రోతలు వెనుదీయవలదు. ఊళ్లు మూడు చూడవలెనను ఆశ మానుకొని ఒక్క ఊరిలో నాలుగు రోజులు ఉన్నచో ఈ తంతులో సగము తగ్గును. కాగితము తీసికొని ఊళ్ల పేర్లు వ్రాయుటకు ముందు ఇంటిలోనివారి పేర్లు వ్రాయుడు. ఎవరికి ఏది కుదురదో ప్రక్కన గుర్తుపెట్టుడు. నవంబరులో రైలు టిక్కెట్టు తీయునాటికి నాయనమ్మకు మేజోళ్లును, వైద్యుని మాటయు సిద్ధముగా నుండవలెను.