వల్నరబిలిటీ మ్యాపింగ్

బస్తీ ఆరోగ్యం ఆస్పత్రి ఓపీ చీటీల్లో పూర్తిగా కనబడదు. ఇల్లిల్లూ తిరగాలి. నీళ్లు ఎన్నాళ్లకోసారి వస్తున్నాయి, మురుగు కాలువ మంచినీటి పైపుకు ఎంత దగ్గర, ఒక్క గదిలో ఎంతమంది పడుకుంటున్నారు, పిల్లలకు టీకాలు వేయించారా లాంటివి అడిగి, ఎక్కువ ముప్పున్న వాడలనూ కుటుంబాలనూ పటంలో గుర్తించడమే ఈ మ్యాపింగ్. 2013లో వచ్చిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్‌కు ఇది కీలకం. 200-500 ఇళ్లకో ఆశా కార్యకర్త, 50-100 ఇళ్లకో మహిళా ఆరోగ్య సమితి ఉండాలన్నది మిషన్ లెక్క.

అధికారిక గుర్తింపు లేని చోట్లే దీని అవసరం ఎక్కువ. అలాంటి వాడను మురికివాడగా లెక్కించడానికి 2011 జనగణన కనీసం 300 మంది, లేదా 60-70 ఇళ్లు ఉండాలంది. ఫ్లైఓవర్ కింది నాలుగైదు కుటుంబాలు, రేకుల షెడ్లలోని వలస కూలీలు ఆ లెక్కలోకి రారు. పటం ముందుగా వెతకాల్సింది వాళ్లనే.