మీకు తెలుసా? దేవుడున్నాడని తర్కంతో నిరూపించబోయినవాళ్లు, జహనుమా నుంచి కాశీ దాకా

షా అలీ బండ దాటి ఫలక్‌నుమా వైపు పోతుంటే జహనుమా వస్తుంది. పైగా అనే వంశపు నవాబుల జహనుమా ప్యాలెస్ వల్ల ఈ పేటకు ఆ పేరు. ఆ వంశంలోని శంసుల్ ఉమ్రా ఫక్రుద్దీన్ ఖాన్ 19వ శతాబ్ది తొలి సగంలోనే విజ్ఞానశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి చేయించి, సొంత ముద్రణాలయంలో అచ్చు వేయించాడు. మసీదులు, దర్గాలు, బోనాల వైపు నుంచి పాతబస్తీని చూడటం మనకు అలవాటు. కానీ దేవుడి ఉనికిని బుద్ధితో తేల్చుకోవాలన్న పట్టుదలకు కూడా ఈ నగరంలో, తెలుగు నేలలో పెద్ద చరిత్ర ఉంది. నాకు అందులో బాగా నచ్చేది ఒకటి: ఆ నిరూపణల్ని గట్టిగా నిలదీసినవాళ్లలో చాలామంది దేవుణ్ణి నమ్మినవాళ్లే.

ఇబ్న్ సీనా వాదం హైదరాబాద్‌లో అచ్చయిందని మీకు తెలుసా?

పాత అరబీ చేతిరాత ప్రతుల్ని వెతికి, ఒకదానితో ఒకటి పోల్చి, అచ్చు వేయడానికి 1888లో హైదరాబాద్‌లో దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ పుట్టింది. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, మౌలానా అన్వారుల్లా ఫారూఖీ దానికి పూనుకున్నారు. ఆ సంస్థ హిజ్రీ 1354లో, అంటే 1935 ప్రాంతంలో, తాత్వికుడు ఇబ్న్ సీనా (980-1037) చిన్న గ్రంథాల సంపుటిని వెలువరించింది. అందులో ఉన్న 'అర్షియ్య' దేవుడి నిరూపణతోనే మొదలవుతుంది.

వాదం ఇదీ. ఉన్నవాటిలో రెండు రకాలుంటాయి. ఉండవచ్చు, లేకపోనూవచ్చు అనదగ్గవి కొన్ని. ఉండక తప్పనిది మరొకటి. మనం, మూసీ నది, గోల్కొండ గుట్ట అన్నీ మొదటి రకమే. అలాంటిది ఒకటి ఉందంటే దాన్ని ఉండేలా చేసింది ఇంకొకటి కావాలి. అదీ మొదటి రకమే అయితే దాని వెనక మరొకటి కావాలి. ఆ గొలుసుకు అంతు లేదనుకున్నా సరేనంటాడు ఇబ్న్ సీనా తన 'నజాత్'లో. లేకపోవడానికి వీలున్నవన్నీ కలిపి మొత్తంగా చూసినా, ఆ మొత్తమూ లేకపోవడానికి వీలున్నదే. కాబట్టి దాన్ని నిలబెట్టేది దాని బయట ఉండాలి. బయట మిగిలేది ఉండక తప్పనిదే.

నాకు తెలిసిన నిరూపణల్లో ఇంత పొదుపైనది లేదు. లోకం ఎప్పుడు పుట్టిందో చెప్పనక్కర్లేదు. దాని అందాన్నీ అమరికనూ పొగడనక్కర్లేదు. ఏదో ఒకటి ఉందని ఒప్పుకుంటే చాలు. దీనికి ఎదురు వాదం 1948లో బీబీసీ రేడియోలో బెర్ట్రండ్ రస్సెల్ నోట వినిపించింది. ఫాదర్ కోపుల్‌స్టన్‌తో వాదిస్తూ ఆయన, ప్రతి మనిషికీ తల్లి ఉన్నంత మాత్రాన మనుష్యజాతి మొత్తానికి ఒక తల్లి ఉండాలా అని అడిగాడు. చిక్కంతా నిజంగా అక్కడే ఉంది. ఇబ్న్ సీనా పక్షం వహించేవాళ్లు ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

అదే సంస్థ ఇబ్న్ సీనాను ప్రశ్నించినవాళ్లనూ అచ్చు వేసింది. ఫక్రుద్దీన్ రాజీ 'మబాహిస్ మష్రిఖియ్య' హిజ్రీ 1343లో వచ్చింది. బాగ్దాద్ తాత్వికుడు అబుల్ బరకాత్ రాసిన 'ముఅతబర్' మూడు సంపుటాలుగా 1930ల చివర్లో వచ్చింది. వాదమూ ప్రతివాదమూ ఒకే ఊళ్లో అచ్చయి లోకమంతటా పండితుల చేతికి వెళ్లాయి.

ఒకే దేవుడి కోసం చేసిన రెండు నిరూపణలు ఒకదాన్నొకటి ఒప్పుకోవని తెలుసా?

ఇలాంటి చదువుకు పాతబస్తీలో పేరున్న చోటు శిబ్లీగంజ్‌లోని జామియా నిజామియా. దాన్ని స్థాపించినదీ అన్వారుల్లా ఫారూఖీయే. భారతదేశపు మదరసాల్లో తరతరాలుగా సాగిన దర్స్-ఎ-నిజామీ పాఠ్యక్రమంలో నసఫీ విశ్వాస గ్రంథానికి తఫ్తాజానీ రాసిన వ్యాఖ్య ఉంది. అందులో వాదం వేరే దారి పడుతుంది: లోకం మార్పు చెందేది, మారేదానికి ఆరంభం ఉంటుంది, ఆరంభమైనదానికి ఆరంభించినవాడు కావాలి. ఇబ్న్ సీనాకు మాత్రం లోకం దేవుడి మీద ఆధారపడినా దానికి కాలంలో మొదలు లేదు. ఇది సరిపడని మతపండితుడు ఘజాలీ 1095లో 'తహాఫుత్' పూర్తి చేసి తాత్వికులతో ఇరవై విషయాల మీద తలపడ్డాడు. అందులో మొట్టమొదటిది ఇదే.

కుండతో దేవుణ్ణి రుజువు చేసిన తెలుగువాడు ఎవరో తెలుసా?

అన్నంభట్టు. 17వ శతాబ్దపు వాడు, కాశీలో పేరు తెచ్చుకున్నాడు. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని సంస్కృత పండితుల్లో ఒక నానుడి ఉంది. ఆయన 'తర్కసంగ్రహం' నేటికీ న్యాయశాస్త్రానికి తొలి వాచకం. దానికి తానే రాసుకున్న 'దీపిక'లో ఈశ్వరుడికి ప్రమాణమేమిటన్న ప్రశ్న ఎత్తి జవాబు చెప్పాడు. మొలక వంటివి తయారైన వస్తువులు, అంటే కార్యాలు. ప్రతి కార్యానికీ కర్త ఉంటాడు, కుండకు కుమ్మరి ఉన్నట్టు. కాబట్టి మొలకకూ కర్త ఉన్నాడు.

ఇక్కడితో ఆగితే పిల్లలకు చెప్పే మాటగా మిగిలేది. కర్త అంటే ఎవరో నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, కచ్చితంగా తేల్చారు. ముడిసరుకు గురించిన ప్రత్యక్ష జ్ఞానం, చెయ్యాలన్న కోరిక, దానికి తగిన ప్రయత్నం, ఈ మూడూ ఉన్నవాడే కర్త. లోకానికి ముడిసరుకు పరమాణువులు. వాటిని ప్రత్యక్షంగా ఎరిగినవాడంటే సర్వజ్ఞుడే కావాలి. ఒక్క నిర్వచనంతో కుమ్మరి దగ్గర మొదలైన వాదం ఈశ్వరుడి దాకా వెళ్లింది.

ఆ కుండను పగలగొట్టింది చెదపుట్ట. ఏడో శతాబ్దానికి చెందినవాడిగా చెప్పుకునే బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి 'ప్రమాణవార్తికం'లో వేసిన ఎదురు దెబ్బ ఇది: కుండా మట్టే, పుట్టా మట్టే. మట్టికి ఆకారం వచ్చిందంటే కుమ్మరి చేసి ఉండాలనేటట్టయితే పుట్టనూ కుమ్మరే చేశాడనాలి. చూసిన పోలిక ఎంతవరకో అనుమానమూ అంతవరకే వెళ్లాలి.

రామానుజులు ఈ నిరూపణను తిరస్కరించారని తెలుసా?

జియాగూడ రంగనాథస్వామి గుడికి వెళ్లే శ్రీవైష్ణవుల్లో కూడా కొందరికి ఇది కొత్తగా అనిపించవచ్చు. నారాయణుడే పరతత్వమన్న ఆచార్యులు శ్రీభాష్యంలో, అనుమాన ప్రమాణంతో ఈశ్వరుణ్ణి సాధించలేమన్నారు. లోకమంతా ఒక్కసారే, ఒక్కడే చేశాడనడానికి ఆధారమేది? పెద్ద కట్టడాలను ఎందరో కలిసి కడతారు. పైగా మనం చూసిన ప్రతి కర్తకూ శరీరం ఉంది, జ్ఞానానికి హద్దు ఉంది. కుమ్మరిని బట్టి ఊహిస్తే కుమ్మరి వంటివాడే తేలుతాడు. కాబట్టి ఈశ్వరుడి విషయంలో శాస్త్రమే ప్రమాణం. సుమారు ఏడు శతాబ్దాల తర్వాత, 1779లో వెలువడిన డేవిడ్ హ్యూమ్ సంభాషణల్లోనూ ఈ అభ్యంతరమే కనిపిస్తుంది: ఓడనైనా ఇంటినైనా చాలామంది కలిసే కడతారు కదా అని. హ్యూమ్ పేరు చెప్పేవాళ్లు రామానుజుల పేరు కూడా చెప్పాలని నా అభిప్రాయం.

నైయాయికుల్లో ఉదయనుడి మాట ప్రత్యేకం. 'న్యాయకుసుమాంజలి'లో ఆయన ఈశ్వరుడి గురించి చేసే తర్కమే ఉపాసన అన్నాడు. అందుకే గ్రంథంలోని అయిదు భాగాలకూ పూలగుత్తులు, అంటే స్తబకాలు అని పేరు. పదో శతాబ్ది చివరి ఈ మిథిలా పండితుడికి ఇబ్న్ సీనా ఇంచుమించు సమకాలికుడు.

కుండకు బదులు గడియారంతో మొదలయ్యే వాదమూ ఉంది. చార్మినార్ దగ్గరి మహబూబ్ చౌక్ గడియారం 1892 నాటిది. దాన్ని పైగా వంశపు అమీరు ఆస్మాన్ జా కట్టించాడు. గడియారం దొరికితే దాన్ని చేసినవాడున్నాడని ఒప్పుకుంటాం, మరి కన్నును చూసి ఎందుకు ఒప్పుకోమని విలియం పేలీ 1802లో అడిగాడు. 1859లో డార్విన్ కంటికి ఇంకో కారణం చూపాక ఆ వాదం మునుపటిలా నిలవలేదు. ఇబ్న్ సీనా వాదాన్ని మాత్రం డార్విన్ తాకనే లేదు.

ఇక్బాల్ మూడు నిరూపణల్నీ విమర్శించాడని తెలుసా?

1929 జనవరిలో ముహమ్మద్ ఇక్బాల్ మద్రాసు, మైసూరు, హైదరాబాద్‌లలో ఉపన్యాసాలిచ్చాడు. 1930లో లాహోర్‌లో పుస్తకంగా వచ్చిన ఆ ఉపన్యాసాల్లో రెండోది ఈ నిరూపణల విమర్శతోనే మొదలవుతుంది. పరిమితమైన కార్యం నుంచి వెనక్కి పోతే పరిమితమైన కారణమే దొరుకుతుందన్నాడు. కారణాల వరుసను ఒకచోట ఆపి, దీనికి కారణం అక్కర్లేదనడమంటే నమ్ముకున్న కార్యకారణ సూత్రాన్నే కాదనడం. అమరికను చూపే వాదం ఇస్తే గిస్తే చేతికందిన సరుకుతో పనిచేసే నేర్పరిని ఇస్తుంది, సృష్టికర్తను ఇవ్వలేదు. దేవుడన్న భావన నుంచే దేవుడి ఉనికిని రాబట్టే మూడో వాదం, డబ్బున్నట్టు ఊహించుకుని డబ్బుందనుకోవడమే. ఆలోచన వేరు, ఉనికి వేరు అనుకున్నంత కాలం ఈ వాదాలు నిలవవన్నది ఆయన నిర్ణయం. ఇంత కఠినంగా తూచినవాడు పరమ విశ్వాసి.

ఆ ఉనికి నుంచే వాదం మొదలుపెట్టిన ముల్లా సద్రా ఉర్దూలోకి హైదరాబాద్ ద్వారానే వచ్చాడు. 17వ శతాబ్దపు ఈ ఇరాన్ తాత్వికుడి 'అస్ఫార్' తొలి భాగాన్ని ఉస్మానియాలో మతశాస్త్రం బోధించిన మనాజిర్ అహ్సన్ గిలానీ అనువదించగా, విశ్వవిద్యాలయం 1940ల తొలి రోజుల్లో అచ్చు వేసింది. 'అస్ఫార్'లో సద్రా ఇబ్న్ సీనా దారిని ఇంకా కుదించాడు. చెట్టూ నదీ కూడా అక్కర్లేదు, ఉనికి అన్నదాన్నే పట్టుకో అంటాడు. ఉనికిలో బలహీనమైనవీ బలమైనవీ మెట్లుమెట్లుగా ఉన్నాయి, బలహీనమైనది బలమైనదాని మీద ఆధారపడుతుంది, దేని మీదా ఆధారపడని సంపూర్ణమైన ఉనికి లేకపోతే ఈ మెట్లే లేవు.