ఎలైజా అడిగింది కొలువు.. దొరికింది చెప్పులు వెతికే పని!

ఇంటర్వ్యూల కోసం స్పోకెన్‌ ఇంగ్లిష్‌ క్లాసులకు వెళ్తున్నారా? అయితే వీలు చూసుకుని ‘మై ఫెయిర్‌ లేడీ’ సినిమా చూడండి. 1964లో వచ్చిన ఈ మ్యూజికల్‌ 8 ఆస్కార్లు గెలిచింది. పాటలు బాగుంటాయి, నవ్విస్తుంది కూడా. కానీ ప్రేమకథ అనుకుని చూస్తే కొన్నిచోట్ల మనసుకు ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది ఎందుకో తెలిస్తే మీ కెరియర్‌కు పనికొస్తుంది.

ఆమె లక్ష్యం.. ఆయన పందెం

ఎలైజా డూలిటిల్‌ లండన్‌ వీధుల్లో పూలమ్ముకునే అమ్మాయి. బుట్ట పట్టుకుని రోడ్డు మీద నిలబడే బదులు పూల దుకాణంలో ఉద్యోగం చేయాలని ఆమె కోరిక. యాస వల్ల ఎవరూ తీసుకోవట్లేదు. అందుకే ఉచ్చారణ శాస్త్రంలో దిట్ట అయిన ప్రొఫెసర్‌ హిగిన్స్‌ ఇంటికి తనంతట తానే వెళ్తుంది. ఊరికే కాదు, ఫీజుగా ఒక షిల్లింగు ఇస్తానంటుంది.

అక్కడే కథ పక్కదారి పడుతుంది. ఆమెను రాయబార కార్యాలయం విందులో గొప్పింటి మహిళగా నిలబెట్టగలవా అని కల్నల్‌ పికరింగ్‌ పందెం కాస్తాడు. గడువు ఆరు నెలలు. హిగిన్స్‌ సరేనంటాడు. ఇక పూల దుకాణం మాట వెనక్కి పోతుంది. ఎలైజా విద్యార్థి కాస్తా ప్రాజెక్టు అయిపోతుంది.

డెమో ముగిశాక..

విందులో ఎలైజా నెగ్గుతుంది. ఇంటికొచ్చాక మగవాళ్లిద్దరూ ఆ ఘనత హిగిన్స్‌దేనని సంబరపడతారు. కష్టపడిన అమ్మాయి ఓ మూల నిలబడే ఉంటుంది. ఇప్పుడు నా గతేంటని ఆమె అడిగితే, ఎవరినైనా పెళ్లి చేసుకోవచ్చుగా అన్నట్టు మాట్లాడతాడు హిగిన్స్‌. అంతకు కాస్త ముందే ఆమె ఆయన చెప్పులు ఆయన మీదకే విసురుతుంది. ప్రాజెక్టులో కోడంతా మీరు రాస్తే, చప్పట్లు టీమ్‌ లీడర్‌కు పడ్డాయనుకోండి. మీకెలా ఉంటుంది?

ముగింపు మార్చేశారు

ఈ కథకు మూలం బెర్నార్డ్‌ షా నాటకం ‘పిగ్మాలియన్‌’. 1913లో వియన్నాలో, మరుసటి ఏడాది లండన్‌లో ప్రదర్శించారు. వాళ్లిద్దరినీ కలపడం షాకు అస్సలు ఇష్టం లేదు. ఎలైజా ఫ్రెడ్డీ అనే కుర్రాణ్ని పెళ్లాడి పూల దుకాణం పెట్టుకుందని 1916లో ప్రత్యేకంగా రాశాడు. అయినా 1956 నాటి బ్రాడ్‌వే మ్యూజికల్‌లో, తర్వాతి సినిమాలో ఎలైజా తిరిగొస్తుంది. హిగిన్స్‌ క్షమాపణ చెప్పడు, నా చెప్పులెక్కడ అని అడుగుతాడు. దాన్నే ప్రేమ అనుకోమంటుంది సినిమా. 2018లో న్యూయార్క్‌లో మళ్లీ వేసినప్పుడు మాత్రం చివర్లో ఎలైజా అతణ్ని వదిలి వెళ్లిపోతుంది.

మీరు చూసుకోవాల్సినవి

రెజ్యూమె దిద్దిన సీనియర్‌, ఇంగ్లిష్‌ నేర్పిన ట్రైనర్‌, కోర్సు ఫీజు కట్టిన స్నేహితుడు.. వీళ్లకు కృతజ్ఞత చూపాల్సిందే. అయితే కృతజ్ఞత వేరు, ప్రేమ వేరు. సాయం చేశారు కాబట్టి మీ మీద హక్కు వచ్చేయదు.

• లక్ష్యం ఎవరిది? మీరు డేటా అనలిస్ట్‌ అవ్వాలనుకుంటే, ఆయన తనకు నచ్చినట్టు మిమ్మల్ని మలుస్తున్నారా? మొదట్లోనే తేల్చుకోండి.

• గౌరవం ఎప్పటి నుంచి? పికరింగ్‌ మొదటిరోజే ఆమెను ‘మిస్‌ డూలిటిల్‌’ అని పిలిచాడు. తన ఆత్మగౌరవం అక్కడే మొదలైందని ఎలైజా చెబుతుంది. ముందు మారు, తర్వాత గౌరవిస్తా అనేవాళ్లతో జాగ్రత్త.

• వెళ్తానంటే ఏమంటారు? నేనే ఉచ్చారణ పాఠాలు చెప్పుకుని బతుకుతానని ఎలైజా అన్నప్పుడు హిగిన్స్‌ కోపంతో ఊగిపోతాడు. మంచి మెంటార్‌ అయితే సంతోషించాలి కదా!

అబ్బాయిలూ, ఇది మీకూ వర్తిస్తుంది. మీరు ప్రిపేర్‌ చేయించిన అమ్మాయికి ఆఫర్‌ లెటర్‌ వస్తే అభినందించండి. ‘నావల్లే వచ్చింది’ అని పదిమందిలో చెప్పుకోవడం మొదలుపెట్టారంటే, మీలోనూ ఓ హిగిన్స్‌ ఉన్నట్టే.

ఎలైజా షిల్లింగు పట్టుకుని వెళ్లింది ఉద్యోగం కోసం. మీరు క్లాసులో చేరిందీ అందుకే. మధ్యలో ఎవరు ఏ పందెం కాసినా, ఆ సంగతి మర్చిపోకండి.