స్వరశ్రవణాభ్యాసము – శాస్త్రసమ్మతమైన మార్గము

ఒక నాదము చెవిని పడినంతనే, వేరొక నాదముతో పోల్చుకొనకయే, అది ఏ స్వరమో చెప్పగల శక్తిని పాశ్చాత్యులు ‘పర్ఫెక్ట్ పిచ్’ అందురు. దీనిని నిరపేక్షస్వరజ్ఞానమనవచ్చును. ఒక ఆధారస్వరమును గ్రహించి, దానినుండి తక్కిన స్వరముల అంతరములను గుర్తించుట సాపేక్షస్వరజ్ఞానము. మన విద్యార్థి చెవిని సిద్ధపరచునపుడు ఈ రెండింటిలో ఏది లక్ష్యము కావలెను? వ్యాకరణ నాట్యశాస్త్రములు ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానము నిచ్చినవని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పాశ్చాత్యసంగీతమున స్వరనామమునకు నియతమైన కంపనసంఖ్య కలదు. 1939లో లండను నగరమున జరిగిన సమావేశమున ‘ఏ’ అను స్వరమునకు సెకనునకు 440 కంపనములని నిర్ణయించిరి. అట్టి నియతస్వరములను ఆరేడేండ్ల ప్రాయమునకు లోపలనే అభ్యసించిన వారిలోనే నిరపేక్షజ్ఞానము ఎక్కువగా కనబడుచున్నదని పరిశోధకులు చెప్పుచున్నారు. వయస్సు వచ్చిన పిదప దానిని సంపాదించుట మిక్కిలి కష్టము. మన సంగీతమున షడ్జమునకు అట్టి నియతసంఖ్య లేదు. గాయకుని కంఠమే షడ్జమును నిర్ణయించును. వేదాధ్యయనమునను ఇంతియే.

పాణిని అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ ద్వితీయపాదమున 29, 30, 31 సూత్రములలో ఉదాత్తానుదాత్తస్వరితములను నిర్వచించెను. ఉచ్చముగా గ్రహింపబడునది ఉదాత్తము, నీచముగా గ్రహింపబడునది అనుదాత్తము, ఆ రెంటి సమాహారము స్వరితము. ఇచట భాష్యకారుడు గంభీరమైన శంక నొకదానిని లేవదీసెను. ఉచ్చనీచములు స్థిరములు కావు. ఒకనికి ఉచ్చమైనది మరియొకనికి నీచము. అధ్యయనము చేయుచున్న ఒకే విద్యార్థిని చూచి ఒకడు ఎందుకరచెదవనును, వేరొకడు ఎందుకు గొణిగెదవనును. అల్పప్రాణుడైన వానికి పరమోచ్చమైనది మహాప్రాణునికి పరమనీచము కావచ్చును. అట్లయినచో సంజ్ఞ ఎట్లు సిద్ధించును? సమాన ప్రక్రమమున, అనగా ఉరఃకంఠశిరస్సులను స్థానములలో ఒకే స్థానమున, పోల్చి చూడవలెనని సమాధానము. స్వరము సంఖ్య కాదు, సంబంధమని దీని తాత్పర్యము.

ఈ భాష్యార్థము నాకు గ్రంథము చదువుటకు పూర్వమే అనుభవమునకు వచ్చినది. పన్నెండవ యేట నేను తైత్తిరీయశాఖాధ్యయనము చేయుచుంటిని. మా గురువుగారిది ఉచ్చకంఠము. వారు అస్వస్థులైన దినములలో మంద్రకంఠులైన మరియొక పెద్దలు సంత చెప్పుటకు వచ్చిరి. అనుదాత్తమును నేను వారి స్థాయిలోనే పట్టితిని; కాని స్వరితము వచ్చుసరికి నా కంఠము అలవాటుచొప్పున మా గురువుగారి స్వరితస్థానమునకే ఎగిరెను. నడుమనుండవలసిన అంతరము చెడిపోయెను. వారు కోపగింపక, “నాయనా! నువ్వు మీ గురువుగారి గొంతు నేర్చుకున్నావు, స్వరం నేర్చుకోలేదు” అనిరి. ఆ సాయంకాలము వరకు ఒకే వాక్యమును మూడు స్థాయిలలో చెప్పించిరి. నేను తప్పక పలికినానని అంతకుముందు ఎన్ని నెలలు అనుకొంటినో తలచిన ఇప్పటికిని సిగ్గగును.

భరతముని నాట్యశాస్త్రము ఇరువదియెనిమిదవ అధ్యాయమున చెప్పిన వీణాద్వయప్రయోగము ఈ సాపేక్షశ్రవణమునకు పరాకాష్ఠ. షడ్జగ్రామమున సమానముగా శ్రుతి చేసిన రెండు వీణలలో ఒకటి ధ్రువము, ఒకటి చలము. చలవీణ స్వరములను నాలుగు సారణలలో క్రమముగా ఒక్కొక్క శ్రుతి దింపుదురు. రెండవ సారణలో చలవీణయందలి గాంధారనిషాదములు ధ్రువవీణయందలి ఋషభధైవతములలో లీనమగును. మూడవ సారణలో ఋషభధైవతములు షడ్జపంచమములలో లీనమగును. నాల్గవ సారణలో షడ్జమధ్యమపంచమములు నిషాదగాంధారమధ్యమములలో లీనమగును. ఇట్లు రెండు, మూడు, నాలుగు శ్రుతుల అంతరములు సిద్ధించి, మొత్తము 22 శ్రుతులగుచున్నవి. ఇందు కొలబద్ద లేదు, గణనయంత్రము లేదు. రెండు నాదములు ఒకటైనవా కాలేదా అని తీర్పు చెప్పునది చెవి ఒక్కటే.

కావున శ్రవణాభ్యాసమునకు నాలుగు మెట్లను సూచించుచున్నాను. మొదటిది మౌనశ్రవణము. తంబురాను శ్రుతిచేసి, పలుకక వినవలెను. జీవ చక్కగా కుదిరినపుడు మంద్రషడ్జతంత్రినుండి అంతరగాంధారము తనంతట వినవచ్చును. అది వినబడిన నాడు చెవి తెరచుకొన్నదని తెలియవలెను. రెండవది ఆధారపరివర్తనము: ఒకే వాక్యమును మూడు స్థాయిలలో స్వరభంగము లేక చెప్పుట. మూడవది దోషగ్రహణము: గురువు బుద్ధిపూర్వకముగా ఒక స్వరమును తప్పి పలుకగా శిష్యుడు పట్టుకొనుట. నాల్గవది పదపాఠము. సంహితయందు స్వరితము తరువాత ప్రచయముగా వినవచ్చిన అనుదాత్తము, పదము విడివడినపుడు మరల అనుదాత్తముగానే పలుకును. రాగమువలె వరుస నేర్చినవాడు ఇచట తప్పిపోవును; స్వరము నెరిగినవాడు నిలుచును.

ఒక విషయమును గమనింపవలెను. నేటి తైత్తిరీయసంప్రదాయమున స్వరితమే ఉదాత్తముకంటె పైస్థాయిని వినబడుచున్నది. సూత్రార్థమును మాత్రమే కంఠస్థము చేసిన విద్యార్థి ఈ పాఠమును వినగానే కలవరపడును. లక్షణమును లక్ష్యముతో సమన్వయింపవలసినది వ్రాతపరీక్షలో కాదు, శ్రవణమున.

ఉదాత్తము పలుకవలసిన చోట అనుదాత్తము పలికిన శిష్యుని చెంపపై కొట్టు ఉపాధ్యాయుని మహాభాష్యము పేర్కొన్నది. ఆ చపేటిక మనకక్కరలేదు; ఆ చెవి మాత్రము కావలెను. శిక్షాగ్రంథమును బోధించు మనలో ఎందరము శిష్యుని స్వరదోషమును విన్నవెంటనే పట్టగలము? డెబ్బది దాటిన నా చెవికి నేడు సన్నని ధ్వనులు అందుట లేదు. అయినను ఉదాత్తస్వరితముల నడుమ అంతరము చెడినచో ఇప్పటికిని తెలియుచున్నది. ఆ సాయంకాలమున మూడు స్థాయిలలో చెప్పించిన వారి ఋణమది. ప్రతి కళాశాలయందును శిక్షాపాఠమునకు వ్రాతపరీక్షతోపాటు శ్రవణపరీక్ష యొకటి ఉండవలెనని నా మనవి. అధ్యాపకులు పరిశీలింతురుగాక.