లెడ్జరు ఎవరి చేతిలో ఉంది?

1984లో రంగరాజన్ కమిటీ సిఫార్సు చేశాక శాఖల్లోకి ఎ.ఎల్.పి.ఎం. యంత్రాలు వచ్చాయి. అంతకుముందు అన్నీ పుస్తకాలే. పుస్తకానికి ఒక సుగుణం ఉండేది: లెడ్జరు ఒక్కరి చేతిలోనే ఉంటుంది. ఒకరు రాస్తుంటే రెండోవారు ఆగాల్సిందే. అదే తాళం. కాకపోతే ఒక్క ఖాతా కోసం ఆ పుస్తకంలోని ఖాతాలన్నీ ఆగిపోయేవి.

తర్వాత క్లిప్పర్, ఫాక్స్‌ప్రో ప్యాకేజీల కాలంలో ఒకే ఫైలును నాలుగైదు కౌంటర్లు తెరిచేవి. మా పుదుచ్చేరిలో పెన్షనర్లు ఎక్కువ. ఫ్రాన్సు నుంచి పెన్షన్ వచ్చేవాళ్లూ ఉన్నారు. ఒకామె ఖాతాలో 5,000 ఉందనుకోండి. ఒక కౌంటరులో గుమస్తా ఆ అంకె చూసి 1,000 విత్‌డ్రాయల్ వేస్తున్నాడు. అదే సమయంలో పక్క కౌంటరులో 8,000 పెన్షన్ జమ. మొదట జమ సేవ్ అయి నిల్వ 13,000 అయింది. వెంటనే ఇతని లెక్క 4,000 దాని మీద పడింది. ఎనిమిది వేలు మాయం! దొంగ లేడు, వోచర్లు రెండూ సరిగ్గానే ఉన్నాయి. రాత్రి టాలీ కాదు. మీ ఇంట్లో భోజనం చల్లారిపోయేది ఇందుకే.

దీనికి మందు, రాయబోయే ఆ ఒక్క రికార్డుకే కాసేపు తాళం వేయడం. ఫాక్స్‌ప్రోలో ఆర్‌లాక్ అంటే రికార్డుకు, ఎఫ్‌లాక్ అంటే ఫైలు మొత్తానికి. పద్దు టైపు చేస్తున్నంతసేపూ పట్టుకోనక్కరలేదు. సేవ్ చేసేముందు తాళం వేసి, నిల్వ మళ్లీ చదివి, లెక్క కట్టి, రాసి, వదిలేయాలి. ఆ మళ్లీ చదవడం మానేస్తే తాళం ఉన్నా దండగే.

తమాషా ఏమిటంటే, క్లిప్పర్ ఈ తాళాన్ని రికార్డు మీద వేయదు. ఫైలు అంత పెద్దది కాకపోయినా, నూరు కోట్ల బైట్ల ఆవల రికార్డు నంబరును బట్టి ఒక చోటు పట్టుకుంటుంది. అందుకే చూసేవాళ్లు చూడగలరు, రాసేవాళ్లే ఆగుతారు.

బదిలీకి రెండు తాళాలు కావాలి. నేను 12 పట్టుకుని 45 కోసం, మీరు 45 పట్టుకుని 12 కోసం చూస్తుంటే ఇద్దరమూ తెల్లవార్లూ కూర్చోవాలి. ఎవరైనా చిన్న నంబరుకే ముందు తాళం వేయాలన్న నియమముంటే చిక్కు రాదు.

అసలు కష్టం తాళం తీయడంలో ఉంది. రికార్డులోనే ఒక గడి పెట్టి ‘వాడుకలో ఉంది’ అని రాస్తే, కరెంటు పోయినా ఆ రాత మిగులుతుంది. వేసినవాడు లేడు, తాళం ఉంది! ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన తాళమైతే ఆ కంప్యూటరు కనెక్షన్ ముగిశాక విడిపోతుంది. నా ఓటు దానికే. గడి తప్పదంటే పక్కన పేరు, సమయం కూడా ఉండాలి.

ఇప్పుడు కోర్ బ్యాంకింగ్‌లో ఈ పనంతా డేటాబేసే చూసుకుంటుంది. జాయింటు ఖాతాలోంచి మీరు ఫోనులో డబ్బు పంపుతుండగానే మీవారు ఏటీఎంలో తీసినా, రెండూ ఒకదాని తర్వాత ఒకటే పడతాయి.