ఉన్నత పాఠశాలలను పోల్చి చూచుట యెట్లు?



పదవ తరగతి ఫలితములు వెలువడినది మొదలు జూను మాసమున బడులు తెఱచు వఱకు మన పల్లెలలో ఒకే ప్రశ్న వినవచ్చుచుండును: “మన పిల్లవానికి ఏ బడి మంచిది?” నూటికి నూఱుమంది గెలిచిరని ఒక బడిని మెచ్చుకొందురు, నూటికి ఎనుబది యని మఱియొక దానిని త్రోసివేయుదురు. ఆ ఒక్క అంకెను నమ్మి, సేద్యమునకు తెచ్చిన అప్పులోనుండి కొంత తీసి, పిల్లలను ఊరి బడి మాన్పించువారును కలరు. చెడ్డ విత్తనముచే ఒక పంట పోవును. తప్పు ఎన్నికచే పిల్లవాని ఐదేండ్లు పోవును. కావున పోల్చు పద్ధతిని గూర్చి కొంత విచారింతము.

యాదాద్రి భువనగిరి జిల్లాను దృష్టాంతముగా గైకొందము. పూర్వపు నల్లగొండ జిల్లా విభజింపబడగా 2016లో ఏర్పడిన యీ జిల్లాలో పల్లెలే యెక్కువ. ఇందలి ప్రభుత్వపు బడులన్నియు ఒకే తీరువి కావు. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలు వచ్చిన పిల్లలనెల్ల చేర్చుకొనును. గురుకులములును, 2013లో ఆరంభమైన ఆదర్శ పాఠశాలలును ప్రవేశపరీక్ష పెట్టి ఎన్నుకొనును. పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు 1971లో సర్వేలు గ్రామమున నెలకొల్పిన గురుకులము ఇట్టివానిలో మొదటిది. ఇక కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు, 2004 నాటి కేంద్ర పథకమువలన ఏర్పడి, బడి మానిన బాలికలను, పేద బాలికలను వసతి యిచ్చి చదివించుచున్నవి.

ప్రదర్శన క్షేత్రములో రెండు వరి వంగడములను పోల్చునపుడు, ఒకదానిని చెఱువు క్రింది మంచి మడిలోను, మఱియొకదానిని చౌటి మడిలోను వేసి రాశులు కొలువము. నేల, నీరు, ఎరువు సమానముగా నున్ననే ఆ పోలిక చెల్లును. బడుల విషయమును ఇంతే. గురుకులము ఏరిన గింజలను నాటును. జిల్లా పరిషత్తు బడి చేటలోని గింజలన్నిటిని నాటును. గురుకులముల కృషిని తక్కువ చేయుటకు ఇట్లు చెప్పుట లేదు. రెండింటిని ఒకే త్రాసున తూచరాదని మాత్రమే చెప్పుచున్నాను. పోల్చదలచినచో, ఒక జిల్లా పరిషత్తు బడిని పొరుగునున్న మఱియొక జిల్లా పరిషత్తు బడితో పోల్చుడు.

అప్పుడైనను చూడవలసినవి మూడు కలవు.

మొదటిది, చేరినవారిలో ఎందఱు కడముట్టిరి? ఒక బడిలో ఎనిమిదవ తరగతిలో 60 మంది యుండి, రెండేండ్ల పిమ్మట పదవ తరగతి పరీక్షకు 40 మందియే కూర్చుండి, అందఱును గెలిచిరనుకొందము. పత్రికలో అది నూటికి నూఱు. పొరుగు బడిలో 60 మందిలో 58 మంది కూర్చుండి, 52 మంది గెలిచిరనుకొందము. పత్రికలో అది నూటికి తొంబదికి లోపు. కాని మొదటి బడి 60 మందిలో 40 మందిని, రెండవ బడి 52 మందిని గట్టెక్కించినది. మొలవక పోయిన నారును లెక్కింపక దిగుబడి చెప్పుట న్యాయమా?

రెండవది, ఏ పాఠమునకు ఉపాధ్యాయుడు కలడు? 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము, ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వఱకు 35 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడైన నుండవలెను. గణిత విజ్ఞానములకు, సాంఘికమునకు, భాషలకు వేఱువేఱుగా ఉండవలెను. గణితోపాధ్యాయుని స్థానము ఏడాది ఖాళీగా నున్నచో, తరువాతి యేటి ఫలితమును ఇప్పుడే ఊహింపవచ్చును. ప్రతి బడికిని 11 అంకెల యూడైస్ సంఖ్య కలదు. దానినిబట్టి గదులు, ఉపాధ్యాయులు, విద్యార్థుల లెక్కలను ఫోనులోనే చూడవచ్చును.

మూడవది, దూరము. ఉన్నత పాఠశాల ఐదు కిలోమీటరులలోపు ఉండవలెనని కేంద్ర పథకము ఉద్దేశించినది. బస్సు లేని బాటలో మొదట బడి మానునది ఆడపిల్ల. అట్టి యూరివారికి దూరపు గొప్ప బడికంటె దగ్గఱి బడియో, వసతిగల కస్తూర్బా విద్యాలయమో మేలు.

ఊరి బడిలో చదివిన పిల్లలకు రెండు లాభములు కలవని చాలమందికి తెలియదు. ఎనిమిదవ తరగతిలో జాతీయ ప్రతిభా ఉపకారవేతన పరీక్షయందు ఎంపికైన పేద విద్యార్థికి, తొమ్మిదవ తరగతినుండి నాలుగేండ్లు ఏటికి రూ. 12,000 వచ్చును. ప్రైవేటు బడులవారికి ఇది లేదు. బాసర సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రవేశములందును, వసతి లేని ప్రభుత్వపు బడులవారికి కొంత అదనపు గణన కలదు.

మఱియొక మాట. ఉపాధ్యాయ స్థానములు పిల్లల సంఖ్యనుబట్టి ఏర్పడును. పదిమంది మానిపించిన, ఒక ఉపాధ్యాయుడు పోవచ్చును. ఉపాధ్యాయుడు పోయిన, మఱి పదిమంది మానుదురు. కలిగినవాని పిల్లవాడు వెళ్లిపోవును. కూలివాని పిల్లవాడు ఖాళీ బడిలో మిగులును. ఒక్కొక్కరుగా తప్పించుకొనుటకంటె అందఱము కూడి బడిని నిలుపుకొనుట మన సంఘధర్మమునకు తగినది. చట్టప్రకారము బడి యాజమాన్య సంఘమున నాల్గింట మూడుపాళ్లు తలిదండ్రులే యుండవలెను. సభ్యులలో సగము స్త్రీలు కావలెను. అందు కూర్చుండి అడుగుట మన హక్కు.

కావున బడులు తెఱచుటకు ముందే సభ్యులు ఇద్దఱు ముగ్గురు కూడి, పుస్తకము చేతబట్టి ఊరి బడికిని పొరుగు బడికిని పోయి, పైమూడు లెక్కలను వ్రాసికొని వచ్చి, సంఘ సమావేశమున చదివి వినిపించుడు. పిమ్మటనే పిల్లవానిని ఎచటికి పంపవలెనో నిశ్చయింపుడు.